ఒకరి బదులు ఒకరు

ఈస్టరుకు ముందటి మట్టల ఆదివారం సాయంత్రం మా చిన్నవాడు మణిదీప్ కాలవ గట్టు మీద ట్రాక్టరుతో ఒక మనిషిని గుద్దాడు. ఆ ట్రాక్టరు వాడు నడపవలసింది కాదు. అది ఆసామి నాగేశ్వరప్రసాద్ గారిది, దాని డ్రైవరు మా పెద్దవాడు ప్రేమ్ కుమార్. రెండో పంట, దాళ్వా కోతలు కావడంతో బస్తాలు ఆ పూటే మండపేట మిల్లుకు చేరాలన్నారు. ప్రేమ్‌కు జ్వరం. అన్నయ్య లేవలేకపోతున్నాడని మణిదీప్ తాళం తీసుకుని వెళ్ళాడు. మలుపులో ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కు అంచు తగిలి, సైకిలు మీద ముంజలు అమ్ముకుని వస్తున్న పోతురాజు అనే ఆయన గట్టు కిందికి పడిపోయాడు. మణిదీప్ దిగి చూశాడు. చూసి, మళ్ళీ ఎక్కి వచ్చేశాడు. వెనక వస్తున్నవాళ్ళు పోతురాజును ఆటోలో వేసుకుని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తొడ ఎముక రెండుచోట్ల విరిగింది.

మణిదీప్ టీచరు ఉద్యోగానికి ఎంపికయ్యాడు. ఆర్డరు రావలసి ఉంది. దానికి ముందు పోలీసులు ఊళ్ళోకి వచ్చి వాడి గురించి విచారిస్తారు. కేసు ఉంటే ఉద్యోగం ఏమవుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు.

మర్నాడు ఆసామికి స్టేషన్ నుంచి ఫోను వచ్చింది, డ్రైవరును పంపమని. ప్రేమ్ దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు.

"నేను వెళ్తాను. నేనే నడిపానంటాను. లైసెన్సు ఉన్నది నాకే."

మణిదీప్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వద్దు అనలేదు. నేనూ అనలేదు. నా గుండెలో ఏదో బరువు దిగింది. దిగినందుకే భయం వేసింది. ఆ రోజు అన్నం వార్చడం మరిచిపోయి గంజిలోనే ఉడకపెట్టేశాను.

ఆ మంగళవారం మా లూథరన్ గుడి పాస్టరు జయపాల్ గారు ఇంటికి వచ్చారు. శుభ శుక్రవారం నాడు మా గుడిలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు చెబుతారు. ఈ సంవత్సరం నాకు మొదటి మాట ఇచ్చారు, తనను సిలువ వేసినవాళ్ళను క్షమించమని యేసు ప్రభువు అడిగిన మాట. వయసు మీరాక చదవడం నేర్చుకున్న నాకు గుడిలో నిలబడి మాట్లాడడం అదే మొదలు. ఎలా చెప్పాలో కాస్త వివరిద్దామని ఆయన వచ్చారు. అప్పటికే మా తమ్ముడు ఏసుపాదం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాడు బాప్టిస్టు గుడికి వెళతాడు. పాస్టరు గారు కనిపిస్తే వాడికి నోరు ఊరుకోదు.

"అసలు సంగతి ఏంటంటే అమ్మా," అన్నారు పాస్టరు గారు, "దేవుడు ప్రేమగలవాడే, కానీ న్యాయాధిపతి కూడాను. తప్పుకి శిక్ష పడాల్సిందే. ఆ శిక్ష మన బదులు ఆయన భరించాడు. అందుకే క్షమాపణ దొరికింది."

"అంటే దేవుడికి కోపం తీరాలంటే ఎవర్నో ఒకర్ని కొట్టాలా అయ్యగారూ?" అన్నాడు ఏసుపాదం. "మా నాన్న కూడా బయట ఎవరి మీదో కోపం ఇంటికొచ్చి నా వీపు మీద తీర్చుకునేవాడు. మా అక్కనడగండి. దాన్ని ప్రేమని ఎవరూ అన్లేదు."

"ఒరే, అయ్యగారితో అలాగేనా మాట్లాడేది?"

"మాట్లాడనివ్వండమ్మా. మీ తమ్ముడు నాకు కొత్తేంటి?" పాస్టరు గారు నవ్వారు. "సరే, నువ్వు చెప్పు ఏసుపాదం. ఎందుకు చనిపోయాడంటావు?"

"మనల్ని వదలకుండా మన చావుదాకా వచ్చాడండి. సైతాను మెడ వంచి, మనల్ని వాడి చేతిలోంచి లాక్కోడానికి. అంత ప్రేమ చూశాక మనిషి మారాలి. అంతేగానీ మన లెక్క ఇంకొకడు సర్దేశాడు, మనం దులుపుకుని పోదాం అంటే ఎలాగండి?"

"దులుపుకుని పొమ్మని నేనెప్పుడన్నాను? చూడు, కాలవకి గండి పడింది. ఒకడు వెళ్ళి ఆ గండిలో అడ్డం పడుకున్నాడు. వాణ్ణి చూసి మనం మెచ్చుకున్నామా, మారామా అన్నది తర్వాత. ముందు వాడు నీళ్ళు ఆపాడు, ఊరు బతికింది. అవునా కాదా?"

"అవునండి. మరి ఆ నీళ్ళు వదిలిందెవరండి?"

పాస్టరు గారు కాఫీ గ్లాసు పట్టుకుని, "నీళ్ళు మన పాపమేనయ్యా, దేవుడు కాదు," అన్నారు. ఏసుపాదం ఏదో అనబోయాడు. ఈలోగా నేను అడిగేశాను.

"అయ్యగారూ, ఒకడు చేసిన తప్పుకి ఇంకొకడు ఇష్టపడి వెళితే, చేసినవాడు నిజంగా విడుదలైనట్టేనా?"

"అదేనమ్మా సువార్త!" అన్నారాయన సంతోషంగా. "శుక్రవారం ఇదే చెప్పండి."

ఆయనకు మా ఇంటి సంగతి తెలియదు. ఏసుపాదానికీ తెలియదు. లోపల వంటింట్లో మాత్రం మా కోడలు సారిక గిన్నె ఒకటి గట్టిగా నేలకేసి కొట్టింది.

వాళ్ళిద్దరూ వెళ్ళాక సారిక బయటికి వచ్చింది. "విన్నారుగా అత్తయ్యా. దేవుడైతే తన కొడుకుని తనిచ్చుకున్నాడు. మీరు నా మొగుణ్ణి ఇస్తున్నారు."

"వాడు నా కొడుకు కాదా?"

"ఇద్దర్లో ఎవరు కొడుకో ఈ వారంలో తెలిసింది లెండి."

ప్రేమ్ నవ్వులాటకు దించాలని చూశాడు. "ఏంటే గోల? నన్నేమన్నా సిలువెక్కిస్తారా? స్టేషన్లోనే బెయిలిస్తారు. కేసు దాని మానాన అది నడుస్తుంది."

"లైసెన్సు పోతే? ట్రాక్టరు మీరు నోటితో తోల్తారా?"

ప్రేమ్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

జ్వరం తగ్గాక, బుధవారం నేనూ ప్రేమూ కాకినాడ వెళ్ళాం. పోలీసుల దగ్గరకు వెళ్ళేముందు ఆ మనిషి కాళ్ళు పట్టుకోవాలని ప్రేమ్ అన్నాడు. పోతురాజు మంచం మీద కాలు పైకి కట్టి ఉంది. పక్కన ఆయన భార్య పాపాయి విసనకర్రతో విసురుతోంది. ప్రేమ్ వంగి, "బాబాయ్, ఆ ట్రాక్టరు నడిపింది నేనే. పొరపాటైపోయింది. క్షమించండి," అన్నాడు.

పోతురాజు వాడి మొహం కేసి చాలాసేపు చూశాడు.

"నువ్వు కాదు."

"నేనేనండి."

"ఆయ్, నువ్వు కాదు బాబూ. నాకు కాలిరిగింది గానీ కళ్ళు పోలేదు. ఆ కుర్రోడు దిగాడు. నా మొహం చూశాడు. నీళ్ళు, నీళ్ళు అన్నాను. ఎక్కి వెళ్ళిపోయాడు." ఆయన తల అటు తిప్పుకున్నాడు. "పోలీసులకి ఎవర్నీ చూళ్ళేదనే చెప్పాను. వాణ్ణి పట్టించాలని నాకేం లేదు. కానీ నువ్వొచ్చి క్షమించమంటే నేనేం చెయ్యను? నీ మీద నాకు కోపమే లేదు. కోపమున్నవాడు రాలేదు."

పాపాయి నాకేసి చూసి, "తల్లివా?" అంది. తలూపాను. "వాడికి కూడానా?" అంది.

బస్సులో ప్రేమ్ కిటికీ వైపు, నేను ఇటువైపు. రామచంద్రపురం దాటేదాకా పాస్టరు గారి గండి, మా తమ్ముడి మాటలు, ఆ మనిషి తల తిప్పుకోవడం, అన్నీ బస్సు కుదుపుకు నా తలలో ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి.

"అమ్మా, ఇదంతా తమ్ముడికి చెప్పకు. నేను ఇష్టపడే వెళ్తున్నాను," అన్నాడు దిగేముందు.

ఇంటికి వచ్చాక నేను మణిదీప్‌కు చెప్పేశాను. ఆ మనిషి ఏమన్నాడో ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను. మణిదీప్ అన్నం ముందు నుంచి లేచాడు. "నన్ను చూశాడా?" అన్నాడు. అంతే.

గురువారం ప్రేమ్ స్టేషన్‌కు వెళ్ళి తన పేరు చెప్పి వచ్చాడు. మర్నాడు లైసెన్సు తీసుకుని మళ్ళీ రమ్మన్నారట. మణిదీప్ పొద్దున్న వెళ్ళినవాడు చీకటి పడ్డాక వచ్చాడు. ఎక్కడికి వెళ్ళావని అడిగితే చెప్పలేదు.

శుక్రవారం గుడికి వెళ్ళడానికి తెల్లచీర కట్టుకుని గడపలో నిలబడ్డాను. ఏం చెప్పాలో అప్పటికీ తేలలేదు. ఫోను మోగింది. ప్రేమ్.

"అమ్మా, తమ్ముడు ఇక్కడికొచ్చాడు. నువ్వు రా. వచ్చి నేను చెప్పిందే నిజమని చెప్పు."

పాస్టరు గారి భార్య కృపారాణి గారికి కబురు పంపి, తెల్లచీరతోనే ఆటో ఎక్కాను. స్టేషన్లో ఎస్సై బల్ల ముందు నా కొడుకులిద్దరూ పక్కపక్కన నిలబడి ఉన్నారు.

"రండమ్మా," అన్నాడు ఎస్సై విసుగ్గా. "మీ ఇంట్లో ఒక ట్రాక్టరుని ఒకేసారి ఎంతమంది నడుపుతారు? నిన్న ఇతను నేనే అన్నాడు. ఇవాళ ఈ అబ్బాయి నేనే అంటున్నాడు. దెబ్బ తిన్నాయనేమో ఎవర్నీ చూళ్ళేదంటాడు. మీరు చెప్పండి. ఎవరు నడిపారు?"

ప్రేమ్ నా కళ్ళలోకి చూస్తున్నాడు. చిన్నప్పుడు తమ్ముడు పలక పగలగొడితే, నేనే అమ్మా అని చెయ్యి చాపేవాడు. అదే చూపు. మణిదీప్ నేలకేసి చూస్తున్నాడు. వాడి ఆర్డరు, సారిక మొహం, పాపాయి అడిగిన మాట, అన్నీ నా ముందే ఉన్నాయి. ఒక్క మాటతో ఎవరో ఒకరిని ఇవ్వాలి. ఇద్దరూ నావాళ్ళే.

"చిన్నవాడండి," అన్నాను. "పెద్దవాడు ఆ సాయంత్రం జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. గంజి నేనే తాగించాను."

"అమ్మా!" అన్నాడు ప్రేమ్. వాడి కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. "ఎందుకన్నావమ్మా?"

దానికి జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను. అబద్ధం చెప్పినందుకు ఎస్సై ప్రేమ్‌ను నాలుగు కేకలేసి బయట ఉండమన్నాడు. మణిదీప్‌ను గోడ పక్క బెంచీ మీద కూర్చోమన్నాడు. వాడి పక్కన నేనూ కూర్చున్నాను.

"గుడికి వెళ్ళమ్మా. నీ మాట ఉంది కదా."

"ఎవరో ఒకరు చెబుతార్లే."

ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. వాడే మళ్ళీ అన్నాడు, "నిన్న కాకినాడ వెళ్ళాను."

"ఆయన దగ్గరికా? ఏమన్నాడు?"

"తిట్టాడు. చాలాసేపు తిట్టాడు. వార్డంతా చూశారు."

"తర్వాత?"

"కూర్చోమన్నాడు." వాడు తన చేతులకేసి చూసుకున్నాడు. "నీళ్ళు పట్టుకు రమ్మన్నాడు. తెచ్చి తాగించాను."

"మరి ఉద్యోగం ఏమవుతుందిరా?"

"ఏమో అమ్మా."

లోపలి నుంచి కానిస్టేబులు వాడి పేరు పిలిచాడు. వాడు లేచాడు. వాడి చొక్కా పట్టుకుని ఉన్నానని నాకు అప్పుడే తెలిసింది. వదిలాను.