అర చుట్టు

కోడలు కంప్యూటర్‌ని బల్ల మీదికెక్కించి పక్క తలుపు ఊడదీసేసరికి మామగారు కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు. నలభై ఏళ్ళు ప్లంబరుగా బతికిన మనిషి. నీళ్ళు, గొట్టాలు అన్న మాట చెవిన పడ్డాక పక్క గదిలో ఊరుకుంటాడా? తోటి పనివాళ్ళు ఆయన్ని ‘అర చుట్టు’ అని పిలిచేవారు. అందరూ చాలనుకున్న చోట ఆయన ఇంకో అర చుట్టు తిప్పేవాడు. ఆయన బిగించిన కుళాయి కారిందని ఎవరూ అనలేదు గానీ, విప్పలేక ఏడ్చినవాళ్ళు మాత్రం ఉన్నారు.

“కరెంటు దగ్గరికి నీళ్ళు పోకుండా చూడ్డానికే నా బతుకంతా సరిపోయింది. నువ్వేమో చేతులారా పోస్తున్నావు,” అన్నాడు.

కోడలికి నవ్వే తీరిక లేదు. ఆరేళ్ళు పరాయివాళ్ళ బొమ్మల సినిమాలకి చాకిరీ చేసి, ఇన్నాళ్ళకి తన పేరుతో పదకొండు నిమిషాల సినిమా తీసింది. అది రేపు పొద్దున పదింటికల్లా పోటీకి చేరాలి. ఆ బొమ్మలన్నిటినీ కంప్యూటర్ ఇంకా లెక్కగట్టి సినిమాగా తయారుచెయ్యాలి. ఆ లెక్కలు చేసే గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఒక్కదానితో అయితే ముప్పై ఆరు గంటలు, రెండిటితో అయితే పద్దెనిమిది. రెండో కార్డు ఇప్పుడే, పదకొండింటికి చేతికొచ్చింది. సాయంత్రం నాలుగింటిలోపు పని మొదలైతే సరే, లేదంటే ఏడాది శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

కార్డుని గుచ్చేస్తే అయిపోయేది కాదు. పంపు తోసే నీళ్ళు లోపలి భాగాల మీదుగా వెళ్ళి, వేడి మోసుకుని, ఫ్యాన్ల దగ్గర చల్లారి తిరిగొస్తాయి. ఆ నీటి దారిలో కొత్త కార్డుని కూడా కలపాలి. ఆమె పాత నీళ్ళు గిన్నెలోకి వంపి, గొట్టం కోసి, కార్డుని దాని చోట కూర్చోబెట్టింది. కార్డు అంచున గాజులాంటి ప్లాస్టిక్ పలకకి పైన రెండు, కింద రెండు రంధ్రాలున్నాయి. కింది రెండిటికీ గొట్టాలు, పై రెండిటికీ మూతలు. ఒక మూత చేయి జారి నేల మీద పడింది. తీసి, నోటితో ఊది, బిగించింది.

“వీటికి అడుగున రబ్బరు వాషర్ ఉంటుంది మామయ్యా. చేత్తో తిప్పి ఆపెయ్యాలి. ఇంకాస్త బిగిస్తే పలక పగులుతుంది,” అని చెప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు.

నీళ్ళు నింపి, మిగతా వేటికీ కరెంటు అందకుండా పంపు ఒక్కదాన్నే తిప్పింది. అడుగున టిష్యూ కాగితాలు పరిచింది. ఇక చూడ్డమే పని. ఊరికే చూడ్డం ఆయనకి చేతకాక ఎప్పటిదో కథ ఎత్తుకున్నాడు. ఎవరింట్లోనో వంటగది కప్పు చెమ్మగిల్లుతోందని మూడుసార్లు పగలగొట్టించారట. తీరా చూస్తే కారేది ఆ చివర స్నానాలగదిలో.

“నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. చుక్క పడ్డ చోటే తప్పుంటుందని నమ్మకు,” అన్నాడు. ఆమె సగమే విన్నది.

ఫోన్ మోగింది. పోటీ జరిపే ఆఫీసు నుంచి ఒకావిడ, పది దాటితే ఒక్క నిమిషం కూడా ఆగేది లేదని మర్యాదగానే హెచ్చరించింది. బాల్కనీలో మాట్లాడి వచ్చేసరికి మామగారు నిలబడి ఉన్నాడు, చెయ్యి కంప్యూటర్ పెట్టెలో ఉంది. ఆమెని చూసి వెనక్కి తీసుకున్నాడు. బిగించాడేమోనని కోడలికి అనుమానం వచ్చినా, పెద్దాయన కదా అని అడగలేదు.

ఒంటిగంటన్నరకి టిష్యూ మీద చుక్క పడింది. సరిగ్గా కింది గొట్టం బిగింపు అడుగున, ఆయన చెయ్యి ఉన్న చోట.

“మామయ్యా, మీరు దీన్ని బిగించారా?”

ఆయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

“బిగించే ఉంటానమ్మా.”

“మూడుసార్లు చెప్పానే! మీకు చేతులు ఊరికే ఉండవా?”

ముందు గదిలోకి వెళ్ళిపోయాడాయన. కుర్చీ కూడా తీసుకెళ్ళలేదు.

కోడలు పంపు ఆపి, నీళ్ళు తీసి, టార్చి పెట్టి పలకంతా వెతికింది. పగులు లేదు. కింది బిగింపు మీద రెండు వేళ్ళు వేసింది. తను వదిలినట్టే, సులువుగా వచ్చేసింది. అర చుట్టు కాదు కదా, దాన్నెవరూ వీసమెత్తు కూడా బిగించలేదు. చుక్క పడ్డ చోటే తప్పుంటుందని నమ్మకు. అప్పుడు పైకి చూసింది. ఇందాక కిందపడిన మూత చుట్టూ తడి, అక్కణ్ణించి పలక వెంట కిందికి జారిన గీత. విప్పితే దానికి వాషరే లేదు! బల్ల కింద పాకి వెతికితే ఆయన కుర్చీ కాలి దగ్గర దొరికింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, ఇక్కడ తన మీద పడాల్సిన కోపం మామ మీద పడింది.

వాషర్ పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. “తప్పు నాది మామయ్యా. మీరసలు తిప్పనేలేదు. మరి బిగించానని ఎందుకన్నారు?”

“తడి తగులుతుందేమోనని వేలు పెట్టాను. అంతవరకే గుర్తుంది. నువ్వడిగేసరికి, బిగించకుండా ఈ చెయ్యి ఎప్పుడు వెనక్కొచ్చింది గనక, బిగించే ఉంటాననుకున్నా.” గొంతు తగ్గించాడు. “ఈమధ్య ఏం చేశానో, ఏం చెయ్యలేదో నాకే తెలియడం లేదమ్మా. అబ్బాయికి చెప్పకు.”

భర్తకి చెప్పకుండా ఎలా ఉండాలో ఆమెకి తోచలేదు. గోడ గడియారంలో రెండున్నర అవుతోంది. ఆయన చెయ్యి పట్టుకుని లేపింది.

“రండి. ఆ మూత మీరే పెట్టాలి.”

ఆయన వాషర్‌ని తడిమి చూసుకుని కూర్చోబెట్టి, మూత తిప్పాడు. అది ఆగాల్సిన చోట ఆగింది. వేళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. ఇంకో అర చుట్టు కోసం నరాలు బిగుసుకోవడం కోడలికి కనిపిస్తూనే ఉంది. పలక పగిలితే సినిమా లేదు. అడ్డం వెళ్ళకూడదని తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఆయన ఎడమచెయ్యి వచ్చి కుడి మణికట్టు పట్టుకుని, మెల్లగా వెనక్కి లాక్కుంది.

“చాలా?”

“చాలు మామయ్యా.”

గంటసేపు ఇద్దరూ టిష్యూ కాగితాన్నే చూస్తూ కూర్చున్నారు. అది పొడిగానే ఉంది. మూడూ యాభైకి కంప్యూటర్ పని అందుకుంది.

మర్నాడు పదింటికి మూడు నిమిషాలుండగా సినిమా చేరిందని కబురొచ్చింది. కోడలు కళ్ళు తుడుచుకుంటుంటే మామగారు గుమ్మంలో నిలబడి కంప్యూటర్ వైపు అనుమానంగా చూస్తున్నాడు.

“అమ్మా, నిన్న దాన్ని గట్టిగా బిగించేశానా?”

“లేదు మామయ్యా. ఆపాల్సిన చోటే ఆపారు. నేను పక్కనే ఉండి చూశాను.”

ఆయన తలూపి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.