పునీతుడి కుడికాలు

అత్తగారి నోట మెప్పు సంపాదించడమంటే మాటలా? వడ్రంగికి పెళ్ళయి పదకొండేళ్ళయింది. ఆవిడకి మంచం చేశాడు, పీటలు చేశాడు, వీధి తలుపులు చేశాడు. "బాగానే ఉంది" అన్న ముక్క తప్ప రెండో ముక్క ఆవిడ నోటినుంచి ఊడిపడలేదు. ఈమధ్య చూపు కూడా పోయేసరికి, ఇక ఆ ఆశ వదులుకోవాల్సిందే అనుకున్నాడు.

అలాంటిది, చర్చిలో పునీతుడి కొయ్యబొమ్మ పీఠం వదులైందని వినగానే, "మా అల్లుడికి అప్పజెప్పండి ఫాదర్" అని ఆవిడే అడిగిందట. భార్య ఆ మాట చెప్పగానే వడ్రంగి కాళ్ళు నేలమీద నిలవలేదు.

పీఠం బిగించడం ఒక పూట పని. బిగించి లేవబోతుంటే బొమ్మ కుడికాలు కంటబడింది. ఎడంకాలికి ఐదు వేళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి. కుడికాలికి ఒక్కటీ లేదు. వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ తాకి తాకి అరగదీశారు. వేళ్ళుండాల్సిన చోట నున్నటి గుంట మిగిలింది. పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప చర్చి గడప తొక్కే మనిషి కాడు కాబట్టి, వడ్రంగికి అది పాడైపోయిన కాలులాగే కనిపించింది.

ఎవరూ అడగలేదు. చేతులే ఊరుకోలేదు. అరిగిన ముక్కని సన్న రంపంతో కోసేసి, కొత్త చెక్క అతికించి, ఐదు వేళ్ళు చెక్కాడు. గోళ్ళు కూడా తీర్చాడు. అత్తగారు తడిమి చూస్తే ఏమంటుందో తలుచుకుంటూ రెండు రోజులు భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు.

ఆదివారం ఆవిడని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. "ఒకసారి కాలు పట్టుకోండి అత్తయ్యా" అన్నాడు గర్వంగా.

ఆవిడ చెయ్యి అలవాటుగా వెళ్ళింది. గోళ్ళు తగలగానే నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది.

"ఎవరిదిది?"

"మన పునీతుడిదే. వేళ్ళు లేవని కొత్తవి పెట్టాను."

"మరి నా గుంటేది?" ఆవిడ మళ్ళీ తడిమి చూసింది. "నీ పెళ్ళాం పురిటికి కష్టపడుతుంటే నా వేలు అందులోనే ఉంది బాబూ. మీ మామయ్య పోయిన రోజూ అందులోనే ఉంది. నాకంటే ముందు మా అమ్మ వేలు ఉండేది."

"అరిగిపోయింది కదా అని..."

"అరగదా మరి? పునీతుడంటే దేవుడనుకున్నావా? మనలాంటి మనిషే. దేవుడి కోసం, జనం కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. ఆయన కాలికి కొత్త గోళ్ళేమిటయ్యా!"

పక్కనున్న ఫాదర్ నవ్వాపుకోలేక దగ్గారు. వడ్రంగికి మాత్రం తల కొట్టేసినట్టయింది. మంచి చెయ్యబోయి ఆవిడకి మిగిలిన ఆ కాస్త ఆసరా కూడా తన చేత్తోనే కోసేశాడు.

పూజ అయ్యేదాకా ఆగలేదు. ఇంటికి పరుగెత్తాడు. పొయ్యిలోకని చర్చినుంచి తెచ్చి గోనెసంచిలో పడేసిన చెక్కపేళ్ళన్నీ నేలమీద బోర్లించాడు. అట్టడుగున దొరికింది ముక్క. చేతిలోకి తీసుకోగానే అతని బొటనవేలు తనంతట తానే ఆ గుంటలోకి వెళ్ళి కూర్చుంది. ఇందులో వేలు పెట్టి ఎంతమంది ఏడ్చి వెళ్ళారో అనిపించి అతనికీ కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే కొత్త వేళ్ళు తీసేసి, పాత ముక్కని చెక్కమేకులతో బిగించాడు. ఎంత నునుపు చేసినా అతుకు దగ్గర గీత మిగిలింది. పనితనం మీద అభిమానమున్నవాడు కదా, అది అతని ప్రాణం తోడేసింది.

అత్తగారు వచ్చి తడిమింది. వేలు గీత మీద ఆగింది.

"గీత పోలేదు అత్తయ్యా."

"చేతులు పడితే అదే పోతుంది. ముప్ఫై ఏళ్ళు పడుతుందేమో. అప్పటికి నేనుండను." అతని చెయ్యి వెతికి పట్టుకుని, బొటనవేలు గుంటలో పెట్టింది. "రోజూ వచ్చి నువ్వూ ఓ చెయ్యి వెయ్యి బాబూ."

వడ్రంగికి ఒక్క ప్రార్థనా రాదు. అయినా వేలు తియ్యబుద్ధి కాలేదు. మెప్పు సంగతి ఇంటికి వచ్చేదాకా అతనికి గుర్తే రాలేదు.