గవరీ పడుకున్న చోటు

కూతురికి ముప్పై రోజుల పురుడు వెళ్లేదాకా సుగని నాగౌర్‌లోనే ఉండిపోయింది. ఊరికి తిరిగి రాగానే సంచి గుమ్మంలో పడేసి, గంప చంకన పెట్టుకుని ఉత్తరపు చేనికి బయలుదేరింది. జమ్మికాయలు లేతగా ఉన్నప్పుడే కోయాలి. ముదిరితే కూరకు పనికిరావు.

ఆ చేనిలోని జమ్మిచెట్టు ఆ ఇంటికి చేయని చాకిరీ లేదు. ఆకు మేకలకు, ఎండు కొమ్మలు పొయ్యికి. పెద్ద కరువులో అత్త దాని బెరడు దంచి రొట్టెలు కాల్చి పెట్టింది. కానీ సుగనికి అది అంతకంటే ఎక్కువ. ఇరవై ఏళ్ల కిందట తన పది నెలల బిడ్డ గవరీ జ్వరంతో కన్నుమూస్తే, చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టే బిష్ణోయి కులం కనుక చితి పేర్చలేదు. ఆ చెట్టు మొదట్లోనే మట్టిలో పడుకోబెట్టారు. రాయి పాతలేదు. ఆ చోటు తెలిసిన అత్తా, మొగుడూ పోయారు. ఏటా తొలి గుప్పెడు కాయలు సుగని ఆ నీడలో పెట్టి వచ్చేది. ఎందుకో ఎవరికీ చెప్పుకోలేదు. పచ్చని జమ్మి మీద గొడ్డలి వేయని కులంలో చెట్టును మించిన గుర్తెందుకనుకుంది. అదే ఆమె చేసిన తప్పు.

తీరా వెళ్లి చూస్తే చేను చుట్టూ ఇనుప కంచె ఉంది. లోపల ఇసుకంతా చదును చేసి, సోలార్ పలకలు బారులు తీర్చి నిలబెట్టారు. ఒక్క చెట్టు లేదు.

గేటు దగ్గర కుర్చీలోంచి మరిది కోజారాం లేచాడు. వదిన ఊళ్లో లేనప్పుడు చేను సోలార్ కంపెనీకి కౌలుకిచ్చి, ఆ చేనికే కాపలా ఉద్యోగం సంపాదించిన ఘనుడు.

"వచ్చావా వదినా! మనవడా, మనవరాలా?"

"నా జమ్మి ఏదిరా?"

"గురువు మీద ఆన, నేను కొట్టలేదు. కంపెనీ వాళ్లే యంత్రం తెచ్చి పీకేశారు. కాయలకేగా? మా దొడ్లో చెట్టు విరగకాసింది, ఎన్ని కావాలంటే అన్ని కోసుకో."

"దాని కింద గవరీ ఉందిరా."

కోజారాం ముఖం పాలిపోయింది. "అప్పుడు నేను జోధ్‌పూర్‌లో రాళ్ల పనిలో ఉన్నా వదినా. నాకెవరు చెప్పారు? ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఏం చెప్పాలిరా? జమ్మిని కొట్టొద్దని బిష్ణోయికి చెప్పాలా?"

అతను ఏడుస్తూ గేటు తీశాడు. "చోటు చూపించు. వాళ్ల కాళ్లు పట్టుకునైనా అక్కడి పలక తీయిస్తా."

సుగని లోపలికి పరుగెత్తింది. మూడో బారు అనుకుంది. కాదు, నాలుగోది. అన్నీ ఒకేలా ఉన్నాయి. గట్టు లేదు, పల్లం లేదు, కొలుచుకోవడానికి ఏదీ మిగల్లేదు. కన్నబిడ్డ రెండోసారి చచ్చిపోయినట్టు ఆమె గుండె పగిలింది. చప్పున ఆగి, చెప్పులు విడిచి చేత పట్టుకుంది.

"ఆగిపోయావేం వదినా? నడువు."

"ఎటు నడవనురా? ఏ అడుగు దాని మీద పడుతుందో!"