దించుకోలేని మూట

సోమవారం వచ్చిందంటే బంటుమిల్లి ల్యాబ్ ముందు రొయ్యల రైతుల సీసాలు బారులు తీరతాయి. హిమబిందు ఒక్కో చెరువు నీళ్లూ ప్లేటు మీద పూసి, మర్నాడు ఆ ప్లేటుకి చెవి ఆనించి, క్రిములు ఏం మాట్లాడుకుంటున్నాయో విని రిపోర్టు రాస్తుంది. రిపోర్టు మీద స్టాంపు వంకరగా పడిందని గొడవపడ్డ రైతులున్నారు గానీ, ఆమె విన్నదాని మీద పేచీ పెట్టినవాడు లేడు.

ఈ మంగళవారం ప్లేట్లు తియ్యకముందే గుడివాడ ఆసుపత్రి నుంచి రొయ్యల రైతు ప్రకాశరావు ఫోన్ చేశాడు. ఆయన చెరువులో పనిచేసే మార్తమ్మ వేలికి నిన్న రొయ్య కొమ్ము గుచ్చుకుంది. తెల్లారేసరికి చెయ్యి మోచేతిదాకా వాచి నల్లబడింది.

"డాక్టర్ గిరిధర్ గారు ఇంజెక్షన్లు మొదలెట్టారమ్మా. సాయంత్రానికి తగ్గకపోతే చెయ్యి తీసెయ్యాలంటున్నారు. రొయ్యల్లో మందు ఉందని విదేశాలవాళ్లు సరుకు తిప్పి పంపిన దగ్గర్నుంచి మూడేళ్లుగా మన చెరువులో ఆ ఇంజెక్షన్ మందు చుక్క వెయ్యలేదని, క్రిములు దానికి అలవాటుపడి ఉండవని నేనే చెప్పాను. పనిచేస్తుందిగా?"

హిమబిందుకి భయం వేసింది. ఆయన చెరువు ప్లేటు వెతికి చెవి ఆనించింది. లోపలంతా మూటలు మోసేవాళ్ల రొప్పు.

"ఏమిటా మూటలు?"

"ఆ మందుని ఆపే సామాను," అంది ప్లేటు మీద ఆకుపచ్చ చుక్కలా పెరిగిన ఒక క్రిముల గుంపు.

"మందే లేదుగా మూడేళ్లుగా! ఇంకా ఎందుకు మోస్తున్నారు?"

"దించినవాళ్లు దించినచోటే పోయారు. ఈ మూటే మా ఒంట్లో విషం పోస్తుంది, విరుగుడూ ఇదే పోస్తుంది. మూట దించితే విరుగుడు ఇట్టే అయిపోతుంది, విషం మిగిలిపోతుంది. అయినా మోసీ మోసీ నడుములు అలవాటు పడ్డాయిలే. పిల్లలకిచ్చాం, పక్కవాళ్లకీ ఒక్కోటి కట్టిచ్చాం."

హిమబిందు వెంటనే ఫోన్ చేసింది. ప్రకాశరావు ఫోన్ డాక్టర్‌కిచ్చాడు.

"రిపోర్టు వచ్చిందామ్మా?"

"రాయలేదండీ, విన్నాను. మీరిచ్చే మందుని ఆపే మూట ఈ క్రిములన్నిటి దగ్గరా ఉంది."

"మరి దేనికి లేదు? త్వరగా అడుగు."

ఆయన ఒక్కో మందు పేరూ చెబుతుంటే ఆమె ప్లేటుకి చెప్పింది. మొదటి పేరుకి క్రిములు నవ్వాయి. రెండోదానికీ నవ్వాయి. మూడో పేరుకి ఒక్కటీ కిక్కురుమనలేదు.

"మూడోదండీ!"

"సిస్టర్, ఆ పాత మందు సీసా తీసేసి ఈ మూడోది ఎక్కించండి," అన్న డాక్టర్ మాట ఫోన్లో వినపడింది.

తను చెప్పిన మాట వల్ల మార్తమ్మ చెయ్యి పోతుందేమోనని ప్రకాశరావు సాయంత్రం దాకా తిండి ముట్టలేదు. అయిదింటికి డాక్టర్ వచ్చి, వాపు దిగుతోంది, చెయ్యి తియ్యక్కర్లేదని చెప్పి, పిడికిలి బిగించమన్నాడు. మార్తమ్మ పళ్లు బిగపట్టింది. నాలుగు వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. రొయ్య గుచ్చిన చూపుడువేలు ఒక్కటి మాత్రం ఎంతకీ ముడుచుకోలేదు.

"చాల్లెండి బాబూ," అంది మార్తమ్మ ఏడుస్తూ, "వల పట్టుకోడానికి ఈ నాలుగూ చాలు."