జానెడు ఎడం

నిలబెట్టిన విమానం రెక్కకి ఇటు పరుపులాయన, అటు ఆయన బావమరిది. ఈయన గుచ్చిన మూరెడు సూది రెండు పొరల బట్టనీ దాటి అటు తేలుతుంది. అతను లాగి, లోపలి చెక్కబద్దకి రెండో పక్క నుంచి తిప్పి గుచ్చుతాడు. ఈయన ముడి వేస్తాడు. ఒకరి మొహం ఒకరికి కనబడదు.

"బావా, సూది పంపి ఏడాదైంది. కునుకు తీస్తున్నావా?"

"నీలాగా నోటితో కుట్టడం నాకు రాదురా."

నలభై ఏళ్లు పరుపులు కుట్టిన చెయ్యి ఆయనది. ఆ షెడ్డులో అందరూ అలా వేరే పనుల నుంచి వచ్చినవాళ్లే. ఎప్పుడో కూలిన విమానాన్ని అచ్చం అలాగే చేసి ఎగరేయాలని, జీతం లేకుండా ఆదివారాలు ధారపోస్తున్నారు. పాత నక్షాలు కాలిపోయాయి. ఒక్క ఫోటో మిగిలింది. పెద్దరికం వహించిన లెక్కల మాస్టారు దాన్ని భూతద్దంతో కొలిచి, కుట్టుకీ కుట్టుకీ జానెడు ఎడమని తేల్చాడు. వెంట్రుకవాసి తేడా రాకూడదన్నాడు.

పరుపులాయన ఆనాడే నోరు విప్పాల్సింది. ఫోటోలోని కుట్టు తన తండ్రిది. నక్షాలో ఉన్నది అరజానెడు. తెల్లారితే ఎగరాలని పైవాళ్లు తొందరపెట్టారు. తండ్రి కుట్టు కోసం పెట్టిన గుర్తుల్లో ఒక చుక్క వదిలి ఒక చుక్క కుట్టాడు. గాలిలో బట్ట చీలి లేచిపోయింది, విమానం కూలింది. ఆ తరవాత ఆ ఇంట్లో దుప్పటి ఆరుబయట ఆరలేదు. ఎక్కడ బట్ట టపటపలాడినా తండ్రి కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. పోతూ పోతూ ఈ సంగతి కొడుకు చెవిన వేశాడు. పంపకానికి వచ్చిన ఆస్తి అదొక్కటే.

లెక్క సులువే. చెబితే చచ్చినవాడి పేరు పోతుంది, చెప్పకపోతే బతికున్న మనిషి పోతుంది. అయినా నాలుగేళ్లుగా తక్కెడ తండ్రి వైపే మొగ్గింది. ఇది ఎగిరినప్పుడు చూద్దాంలే అనుకున్నాడు.

ఈ ఉదయం నడపబోయే అమ్మాయి వచ్చి రెక్క మీద అరచెయ్యి ఆనించింది. "డోలులా బిగించావు తాతా! వచ్చే వారమే ఎగరడం."

తలుపులోంచి గాలి కొట్టింది. కుట్ల నడుమ బట్ట లేచి టప్పుమంది. పరుపులాయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఎవరో కంచం ముందు నుంచి లేచినట్టయింది. వెనక ఎవరూ లేరు.

"మాస్టారూ, ఈ కుట్టు తప్పు."

"ఫోటోలో ఇలాగే ఉందిగా?"

"ఫోటోలోదీ తప్పే. కుట్టింది మా నాన్న."

మూల చెక్క కోస్తున్న రంపం ఆగింది. అమ్మాయి మెల్లగా చెయ్యి తీసేసింది. మాస్టారు కళ్లద్దాలు తుడిచి, మళ్లీ తుడిచి, "నడుమ ఇంకో కుట్టు వేస్తే?" అన్నాడు.

"అప్పుడే వేసుండాల్సింది."

రెక్క అవతల నుంచి బావమరిది గొంతు. "మా అక్కకైనా చెప్పలేదా బావా?"

"చెబితే ఊరంతటికీ చెప్పినట్టేగా."

పరుపులాయన ఎడాల నడుమ సుద్ద చుక్కలు పెట్టాడు. మాస్టారికీ, అమ్మాయికీ ముడి నేర్పి, వాళ్లను రెండో రెక్క దగ్గర కూర్చోబెట్టాడు. మధ్యాహ్నానికి వాళ్ల ముళ్లు ఆయన లాగి చూసినా జారలేదు.

పొద్దు వాలుతుండగా బావమరిది సూది తిప్పి గుచ్చాడు. ఇటు ఎవరూ లాగలేదు.

"లాగు బావా."

బావమరిది రెక్క చుట్టూ తిరిగి వచ్చాడు. పరుపులాయన స్టూలు మీదే ఉన్నాడు, నుదురు బట్టకి ఆనించి. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

అరచేతికి కట్టుకునే తోలుముక్కను ఎవరో విప్పి స్టూలు మీద పెట్టారు. సూది మొదలు నెట్టీ నెట్టీ దాని నడుమ గుంట పడింది. చిల్లు పడడానికి ఇంకొక్క పొర మిగిలింది.