ఉరుకుందమ్మ పేరుతో

నేను ఒక యూజర్ అకౌంటును. ఒక పేరూ ఒక పాస్‌వర్డూ తప్ప నాకంటూ ఏమీ లేవు. కర్నూలు వైపు ఒక విత్తన పరీక్షాకేంద్రంలో, ఉరుకుందమ్మ అనే టెక్నీషియన్ కోసం నన్ను సృష్టించారు.

సృష్టించినవాడు హడావిడి మనిషి. సర్టిఫికెట్లూ రిపోర్టులూ తయారుచేసే ప్రోగ్రాముకు నా ఒక్కదానికే అనుమతిచ్చి, మిగతావాళ్లకు రేపు వచ్చి ఇస్తానని వెళ్లాడు. ఆ రేపు ఆరేళ్లయినా రాలేదు. దాంతో అందరూ నా మీద పడ్డారు. ఎవరి అకౌంటులో వాళ్లు కూర్చుని, ఆ ప్రోగ్రామును మాత్రం 'వేరే యూజరుగా' తెరిచి నా పాస్‌వర్డు కొట్టేవారు.

"అక్కా, నీ పేరు కొట్టుకుంటాండా!" అని గుమస్తా మద్దిలేటి కేకేసేవాడు.

"కొట్టుకో నాయనా, అడిగేదేముంది!" అనేది ఆవిడ.

ఒకరి టీ గ్లాసు ఇంకొకరు ముట్టని మనుషులు, పాస్‌వర్డు మాత్రం ఊరుమ్మడి చేసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరి వేలు తగిలినా నేను ఉరుకుందమ్మనే. అంతకుమించి చెప్పే నోరు నాకు లేదు.

ఒకనాడు ఎవరో యాభై ఎనిమిది శాతమే మొలకెత్తిన శనగ విత్తనానికి ఎనభై అయిదని కొట్టారు. నమ్మి విత్తిన రైతుల చేలు సగం మొలవలేదు. సర్టిఫికెట్టు మీద ఉన్నది ఆవిడ పేరు. ఇరవై రెండేళ్ల ఉద్యోగం పోయేటట్టుంది. మద్దిలేటి తలవంచుకుని ఫైళ్లు సర్దుకున్నాడు. మిగతావాళ్లూ ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

విచారణకు పరమేశ్వరరెడ్డి అనే అధికారి వచ్చాడు.

"అది నేను కొట్టలేదు సార్. ఈడ అందరూ నా పేరుతోనే చేస్తారు."

"కంప్యూటర్లో నీ పేరుంటే ఇంకొకరు చేసినారంటావా? ఈ కథలు నాకు చెప్పొద్దమ్మా."

విచారణ రిపోర్టు నింపాలన్నా ఆ ప్రోగ్రాములోనే నింపాలి. ఆయన తన అకౌంటుతో తెరిస్తే అనుమతి లేదంది.

"ఇదేంది, తెరుచుకోదే?"

"అక్క పేరుతో తెరవండి సార్," అన్నాడు మద్దిలేటి, అలవాటుకొద్దీ.

ఆయన పాస్‌వర్డు అడిగి మరీ కొట్టాడు. పొద్దుటినుంచి ఆవిడ మొత్తుకున్నది ఇదేనని ఆ పెద్దమనిషికి తట్టనేలేదు!

ప్రింటరులోంచి వచ్చిన కాగితాన్ని ఉరుకుందమ్మ అందుకుని చదివింది. ఆమె నిర్లక్ష్యం రుజువైందని రాసి ఉంది. అడుగున, విచారణ జరిపినవారు: ఉరుకుందమ్మ.

దాన్ని ఆయన ముందు పెట్టింది.

"సంతకం ఎవరు చెయ్యాల సార్? మీరా, నేనా?"