అణగని సీట్లు

రంజని కోడంబాక్కంలో సినిమాలకు బట్టలు కుట్టి అద్దెకిస్తుంది. షూటింగ్ ఊరి బయటైతే ట్రంకుపెట్టెలు వేసుకుని తనే వెళ్ళాలి. ఒకసారి అద్దె వ్యాను రాకపోవడంతో పెళ్ళిచీరలు అందక యూనిట్ మొత్తం మధ్యాహ్నం దాకా ఖాళీగా కూర్చుంది. ఆరోజు మేనేజరు అందరి ముందూ అన్న మాటలు ఆమెకు చాలాకాలం గుర్తుండిపోయాయి. ఎలాగైనా సొంత బండి కొనాలని అప్పుడే అనుకుంది. కొత్తది కొనే స్తోమత లేదు. భర్త నరేన్ స్టూడియోల్లో లైట్ల పని చేస్తాడు. అతనే ఫోనులో ఒక ప్రకటన చూసి చూపించాడు. ఏడు సీట్ల డీజిల్ బండి, ఒకే ఓనరు, పెరంబూరు. ధర మిగతావాటికంటే బాగా తక్కువ.

"తక్కువంటేనే నాకు భయంగా ఉండాది," అంది రంజని. అయినా ఆదివారం ఇద్దరూ వెళ్ళారు.

అమ్మే ఆయన పేరు ఆదిమూలం. రైలుపెట్టెల కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. తెలుగాయనే. తలుపు తీసిన దగ్గర్నుంచి ఆయన చూపు వీళ్ళ మీద కాకుండా బండి మీదే ఉంది. మీటరులో రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్ల పైన ఉంది. నరేన్ నోరు వెళ్ళబెట్టాడు. రంజని మాత్రం మరోలా ఆలోచించింది. పాత బండ్లు అమ్మేవాళ్ళు మొట్టమొదట చేసే పని మీటరు వెనక్కి తిప్పడమేనని ఆమె విన్నది. ఈయన ఆ పని కూడా చేయలేదంటే ఇంతకంటే పెద్దదేదో దాస్తూ ఉండాలి.

ఇంజను శబ్దం మెత్తగా ఉంది. నల్ల పొగ లేదు. ఏసీ వేస్తే క్షణాల్లో వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లదనం వచ్చింది. ఇంత పాత బండిలో ఏసీ ఇంత బాగా ఎందుకుందని అడిగితే, పోయిన ఏడాదే కొత్తది వేయించానన్నాడు. అమ్మబోయే బండికి కొత్త ఏసీ ఎవరు వేయిస్తారు?

రంజని డోర్లన్నీ తీసి సీట్లు చూసింది. బట్ట, దూది, స్పాంజి ఆమెకు రోజూ చేతిలో ఉండేవి. డ్రైవరు సీటు అరిగిపోయి, గుంతపడి, అంచున కుట్లు ఊడి ఉంది. పక్క సీటును అరచేత్తో నొక్కితే అది కొత్తదానిలా పైకి లేచింది. వెనక సీట్లు కూడా అంతే. వెనక కుడివైపు మూల ఒక్కటి మాత్రం మనిషి కూర్చున్నంత మేర అణిగి ఉంది. ఎడమవైపు సీట్ల కింద పట్టాలు కోసి మళ్ళీ వెల్డింగ్ చేసిన గుర్తులున్నాయి. లాగితే ఆ సీట్లు రెండూ ముందునుంచి వెనకదాకా పరుపులా చదునుగా పడుకున్నాయి. లోపల సాంబ్రాణి వాసన, దాని అడుగున ఆసుపత్రి వాసన.

ఇంత దూరం ఎక్కడికి తిప్పారని నరేన్ అడిగాడు. ఫ్యామిలీ బండేనని, కూతురు విశాఖపట్నంలో ఉంటుందని, తరచూ వెళ్ళి వస్తుంటామని ఆదిమూలం చెప్పాడు. కాఫీ తాగేటప్పుడు మాటల్లో కూతురిది విజయనగరమన్నాడు. రంజని కప్పు కింద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

రైల్లో తిరిగి వస్తూ నరేన్ తన అనుమానం బయటపెట్టాడు. సీట్లు పడుకుంటున్నాయి, మనుషులు కూర్చోలేదు, నడిచిందంతా ఆంధ్రా రోడ్డు మీద. ఎర్రచందనం దుంగలు మోసిన బండి కాకపోతే తన చెవి కోసుకుంటానన్నాడు. రేపు ఏ చెక్‌పోస్టులోనో నంబరు చూసి ఆపితే జైల్లో కూర్చోవలసింది మనమేనన్నాడు. దుంగలు మోసేవాడు ఏసీ ఎందుకు మార్పిస్తాడు? ఆ ప్రశ్న రంజనిని వారమంతా వదల్లేదు. కుట్టు మిషను ముందు కూర్చున్నా ఆ అణిగిన మూలే గుర్తొచ్చింది. నిండు బండిలో ఒక్క మనిషి ఆ మూల ముడుచుకుని అన్ని వేల కిలోమీటర్లు ఎందుకు కూర్చున్నట్టు?

మరుసటి వారం ఒక్కతే పెరంబూరు వెళ్ళింది. కాస్త దూరం నడిపి చూడాలని అడిగి తనే స్టీరింగు పట్టుకుంది. ఆదిమూలం పక్కన కూర్చున్నాడు. మాధవరం వైపు తిప్పబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టినంత పని చేశాడు.

"ఆ పక్క వద్దుమ్మా. ట్రాఫిక్కు ఎక్కువ."

ఆదివారం పొద్దున్న ట్రాఫిక్కేమిటి? రంజని అటే పోనిచ్చింది. ఆయన సీట్లో కిందికి జారి, కిటికీ వైపునుంచి ముఖం తిప్పుకున్నాడు. ఇక దొరికాడనుకుందామె. బండిలో తామిద్దరే ఉన్నామన్న సంగతి అప్పుడే తట్టింది. జనం ఉన్నచోటే ఆపాలనుకుంది.

మాధవరం దాటాక పెద్ద అపార్ట్‌మెంట్లు కడుతున్నచోట టీకొట్టు ఉంది. పనివాళ్ళు గుంపుగా నిలబడి టీ తాగుతున్నారు. రంజని బండి అక్కడ ఆపింది. ఆపగానే గుంపులో మాటలు ఆగిపోయాయి. కొందరు గ్లాసులు కింద పెట్టారు. నడివయసు మనిషి ఒకడు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. మొదట వెనక సీట్లవైపు చూశాడు. ఎవరూ లేరని తెలిసి ఊపిరి వదిలాడు.

"ఎవలు బాబూ ఈసారి? మనోళ్ళేనా?" అని ఆదిమూలాన్ని అడిగాడు.

ఎవరూ లేరని, ఊరికే వచ్చామని ఆదిమూలం గొణిగాడు. ఆ మనిషి రంజనికి దండం పెట్టాడు.

"మా బావని ఊరు సేర్సిన బండమ్మా ఇది. నాను ఎనకాల మూలన కూకున్నాను."

రంజనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక స్టీరింగు మీదినుంచి చేతులు తీసేసింది.

ఆదిమూలం అప్పుడు చెప్పాడు. ఆయన వీధిలో ఇల్లు కడుతుండగా శ్రీకాకుళం మేస్త్రీ ఒకడు సారవ కట్టిన కర్రల మీదినుంచి పడి చనిపోయాడు. అంత దూరం శవాన్ని తీసుకెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళు అడిగింది ఆ కూలీలు ఇవ్వగలిగేది కాదు. ఆయన దగ్గర కొత్త బండి ఉంది, రిటైరయ్యాక చేతినిండా తీరిక ఉంది. ఆసుపత్రి కాగితాలు, పోలీసు కాగితాలు తీసుకుని తానే తీసుకెళ్ళాడు. ఆ తరువాత ఆయన ఫోను నంబరు పనివాళ్ళ మధ్య చేతులు మారింది. శ్రీకాకుళం, విజయనగరం, సోంపేట. ఆ ఊళ్ళన్నీ ఆయనకు అలా తెలిసినవే. కూతురు లేదు. భార్య పోయి చాలాకాలమైంది.

ఇది కూడా ఒక కథేనేమోనన్న అనుమానం రంజనికి పోలేదు. ఆయన్ని బండిలోనే ఉండమని చెప్పి, దిగి, ఆ మనిషిని పక్కకు తీసుకెళ్ళింది. ఎప్పుడు జరిగింది, ఎటు వెళ్ళారు, దారిలో ఎక్కడ ఆగారు, ఆయన ఏం తీసుకున్నాడు అని పోలీసులా అడిగింది. అతను అన్నిటికీ తడుముకోకుండా బదులిచ్చాడు. డీజిలు పోయించుకున్నాడు తప్ప ఇంకేమీ పుచ్చుకోలేదన్నాడు. దహనం అయ్యేదాకా ఉండి, అక్కడే బోరింగు దగ్గర స్నానం చేసి తిరుగుముఖం పట్టాడన్నాడు. చెబుతూ చెబుతూ అతను తువ్వాలుతో ముఖం తుడుచుకుంటే, తాను అడుగుతున్న తీరుకు రంజనికి సిగ్గేసింది.

తిరిగి వచ్చి కూర్చున్నాక సిగ్గు పోయి కోపం వచ్చింది.

"ఫ్యామిలీ బండని ఎందుకు చెప్పినారు?"

"ముందర వచ్చినోళ్ళకి నిజమే చెప్పినానుమ్మా," అన్నాడు ఆదిమూలం. "ఒకాయన బండిని ముట్టుకున్న చెయ్యి మా ఇంటి కుళాయి కాడనే కడుక్కొని పోయినాడు. ఇంకొకామె వాకిట్లోనే నిలబడి నన్ను తిట్టింది. నాకేమో ఎడమ కన్ను సరిగా కనపడటం లా. డాక్టరు స్టీరింగు ముట్టొద్దన్నాడు. బండి ఆడ ఊరికే నిలబడి ఉంటే చూడలేకుండా ఉండాను. అందుకే అబద్ధం చెప్పినా."

రంజని బండిని పెరంబూరుకు తిప్పింది. ఇంటి ముందు ఆపి, తాళంచెవి ఇచ్చేసి, ఆలోచించి చెబుతానంది. ఆయన తల ఊపాడు. ఇక రాదని ఆయన అనుకున్నట్టు ఆమెకు తెలుస్తూనే ఉంది.

ఇంట్లో నరేన్ అంతా విని, ఎర్రచందనమైనా బాగుండేదన్నాడు. ఆమె నవ్వింది కానీ అతను నవ్వలేదు. పెళ్ళిబట్టలు అందులో ఎలా వేసుకెళతావన్నాడు.

"చావు సీనులో కట్టిన చీరనే ఉతికి పెళ్ళి సీనుకి ఇస్తాం కదా," అంది రంజని.

"అది నటనే. ఇది నిజం."

నిజం చెప్పాలంటే ఆమెకూ భయంగానే ఉంది. ఒంటరిగా హైవే మీద వెళుతుంటే వెనక సీటు వైపు చూడకుండా ఉండగలనా అనుకుంది. మరో రెండు బండ్లు చూసింది. ఒకదాని మీటరు తిప్పారని బ్రేకు పెడల్ అరుగుదలే చెప్పింది. ఇంకోదాని ఓనరు ప్రతి ప్రశ్నకూ నవ్వుతూ జవాబిచ్చాడు. ఆ నవ్వుకంటే ఆదిమూలం చూపు తిప్పుకోవడమే నయమనిపించింది. అబద్ధం ఆడటం కూడా సరిగా చేతకాని మనిషి.

తెలిసిన మెకానిక్కును తీసుకుని మళ్ళీ పెరంబూరు వెళ్ళింది. అతను చూసి క్లచ్ ఒకటి త్వరలో మార్చాలన్నాడు, మిగతాదంతా బాగానే ఉందన్నాడు. కాగితాల మీద సంతకం చేసేముందు రంజని ఆదిమూలాన్ని సూటిగా అడిగింది.

"ఇంకేమన్నా దాచినారా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మార్గళి నెల చలికి పొద్దున పూట ఒక తూరికి స్టార్ట్ కాదుమ్మా. రెండు మూడు తూర్లు పడతాది," అన్నాడు. వానలో వెనక అద్దం ఒకటి దిగదని కూడా చెప్పాడు. ఆమె సంతకం చేసింది. బండి సందు మలుపు తిరిగేదాకా ఆయన గేటు పట్టుకునే నిలబడ్డాడు.

రంజని వెల్డింగ్ చేసిన పట్టాలు మార్పించలేదు. ట్రంకుపెట్టెలు పెట్టడానికి అవి బాగా పనికొచ్చాయి. నరేన్ మాత్రం ఆ బండి ఎక్కనన్నాడు. సూళ్ళూరుపేట దగ్గర మొదటి షూటింగ్ పడినప్పుడు ఆమె బట్టలతో బండిలో వెళ్ళింది, అతను లోకల్ రైల్లో వెళ్ళాడు. లొకేషనులో కలుసుకున్నప్పుడు దారిలో ఏమైనా అయిందా అని అడిగాడు. టోల్ గేటు దగ్గర రద్దీ తప్ప ఏమీ లేదని చెప్పింది. అతను నమ్మినట్టు లేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. పట్టాల మీద నీళ్ళు నిలిచి రైళ్ళు ఆగిపోయాయని కబురు వచ్చింది. నరేన్ స్టేషను దాకా వెళ్ళి, తడిసి ముద్దయి తిరిగి వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. రంజని పిలవలేదు. లోపలినుంచి తలుపు గడి తీసి, ముందుకు చూస్తూ కూర్చుంది. కాసేపటికి అతను ఎక్కి తలుపు వేసుకున్నాడు. తడ ఊరు దాటేదాకా బిగుసుకుని, వెనక్కి ఆనకుండా కూర్చున్నాడు. గుమ్మిడిపూండి వచ్చేసరికి అతని తల కిటికీకి ఆనింది. నిజంగా నిద్రేనా, భయంతో కళ్ళు మూసుకున్నాడా అని రంజని ఒకసారి పక్కకు చూసింది. గురక వినిపించాక గేరు మార్చింది.